ఉత్తమ పురుష, ఏకవచనం

రాయదుర్గంలో పదకొండో అంతస్తు.
ఇక్కడ గీసిన వంతెనలు
నేను చూడని నదుల మీద నిలబడతాయి.
షీటు కింద, కుడి మూలన ఒక గడి
ఎప్పుడూ ఖాళీగానే వెళ్తుంది.
అక్కడెవరో
నా లెక్కల్ని ఒక పూట తిరగేసి
సంతకం పెడతారు.
ఇరవై ఏళ్ల నా సంతకం
శంషాబాద్ రన్‌వే దాటితే చెల్లదు.

ఈసారి ఆ గడి నాకే కావాలనుకున్నాను.

కోఠిలో జిరాక్సులు, నాంపల్లిలో నోటరీ,
యూనివర్సిటీ పరీక్షల విభాగంలో మూడు శుక్రవారాలు.
తొంభై తొమ్మిదో బ్యాచ్ సిలబస్ పుస్తకం
చెదలు తినగా మిగిలినంత ఉంది.
"సర్వేయింగ్ ఎన్ని గంటలు చెప్పారో రాసివ్వాలా?"
గుమస్తా అనంతాచారి కళ్లద్దాలు తీసి నవ్వాడు.
"గంటలెక్కడివమ్మా, ఎండెక్కేదాకా చెప్పేవాళ్లు."
అయినా రాసిచ్చాడు. ముద్ర కొట్టాడు.
ముద్రలో ఊరి పేరు సగమే పడింది.

కాగితాలు గట్టెక్కాయి.
పేచీ అనుభవ నివేదిక దగ్గరొచ్చింది.
'మేము' అని రాయకూడదట.
ప్రతి వాక్యమూ 'నేను'తోనే మొదలవ్వాలట.
నేను గణించాను. నేను రూపొందించాను. నేను పరిష్కరించాను.

మన దగ్గర అది ఒకటి కాదు, రెండు.
వినేవాణ్ణి కలుపుకునేది 'మనం',
గుమ్మం బయట నిలబెట్టేది 'మేము'.
ఆ ఫారంలో రెండింటికీ చోటు లేదు.

రాత్రి కూర్చుని ఒక్కొక్కటే తీసేశాను.
తీసినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి వెళ్లిపోయారు:
డ్రాయింగ్ బల్ల దగ్గర్నుంచి హైమవతి,
లెవెల్ యంత్రం పక్కనుంచి ఖదీర్,
మిక్సర్ దగ్గర నేనెన్నడూ పేరడగని ఇద్దరు.
నివేదిక శుభ్రంగా తయారైంది,
కర్ఫ్యూ నాటి పత్తర్‌గట్టీలా.

నాలా మీద ఫ్లైఓవర్ దగ్గర మాత్రం చెయ్యి ఆగింది.

రెండువేల పదకొండు. రాత్రి రెండు.
స్తంభం తల మీద ఇరుపక్కలా చేతులు చాపిన దూలం.
కాంక్రీటు లారీలు వరుసకట్టి
కడుపులు తిప్పుకుంటూ ఎదురుచూస్తున్నాయి.
కడ్డీల మేస్త్రీ బుచ్చిలింగం, పాలమూరు మనిషి,
డ్రాయింగు అటు తిప్పి ఇటు తిప్పి
మడిచి చంకలో పెట్టుకున్నాడు.
కుడిచెయ్యి పక్కకు చాపి
నీళ్ల బకెట్ తగిలించుకున్నాడు.
"మేడమ్, గిట్ల మోస్తే నొప్పి యాడ పుడ్తది?
భుజం పైన గదా.
మరి కడ్డీలు కిందికేసిన్రేంది?"

అది సవరించిన షీటు.
సవరించింది నేను.

బకెట్లో నీళ్లు కొంచెం తొణికాయి.
అతను చెయ్యి దించలేదు, నేను ఒప్పుకునేదాకా.

ఏడు లారీలు వెనక్కి పంపాను.
కాంట్రాక్టరు తిట్లు తెల్లారేదాకా.
కడ్డీలు విప్పి కట్టడానికి మూడు రోజులు.

ఈ ఘట్టాన్ని 'నేను'తో ఎలా మొదలుపెట్టడం?
"నేను లోపాన్ని గుర్తించాను" అని కొట్టాను.
చెరిపాను.
ఇంకోలా కొట్టాను. అదీ చెరిపాను.

హబ్సిగూడ బడిలో వ్యాకరణం టీచరు చెప్పేది:
నేను, ఉత్తమ పురుష. నువ్వు, మధ్యమ. అతడు, ప్రథమ.
మొదటివాడు అతడెలా అవుతాడు టీచర్, అనడిగాను.
లెక్క అక్కణ్ణుంచే మొదలు, కూర్చో, అంది.

చివరికి రాసింది ఇదీ:
నేను తప్పు గీశాను.
నేను బుచ్చిలింగం అనే అతను చెప్పింది విన్నాను.
నేను పని ఆపించాను.

మూడూ 'నేను'తోనే మొదలయ్యాయి.
నిబంధన దాటలేదు.

జవాబుకు పన్నెండు వారాలట.
పాత ఫోను ఛార్జింగు పెట్టి వెతికాను.
'కడ్డీలు' అని ఉంది అతని నంబరు,
పేరు కూడా రాసుకోలేదు.
చేస్తే,
ఈ నంబరు మనుగడలో లేదని
మూడు భాషల్లో చెప్పింది.